ప్యాకేజీ నంబర్‌లో హైఫన్ తర్వాత ఏముంది: లైనక్స్ డిస్ట్రోల వెర్షన్, రిలీజ్ లెక్కలు

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఒక విషయం బయటపెట్టారు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో ఎవరో కావాలనే బ్యాక్‌డోర్ (దొంగచాటుగా లోపలికి వచ్చే దారి) పెట్టారు, అది 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది అని. ఆ రోజే ఆర్చ్ లైనక్స్ అనే డిస్ట్రో (లైనక్స్‌ని, దానిమీద నడిచే సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీలుగా కట్టి ఇచ్చే పంపిణీ) వాళ్లు తమ యూజర్లకు చెప్పిన మాట ఇది: మీ దగ్గర 5.6.1-1 ఉంటే వెంటనే అప్‌డేట్ చేసి 5.6.1-2కి వెళ్లండి. 5.6.1 అంటేనే విషం అని వార్తల్లో చదివి వచ్చినవాళ్లకు మళ్లీ 5.6.1కే వెళ్లమంటే ఏం అర్థమవుతుంది? తేడా అంతా హైఫన్ తర్వాత అంకెలో ఉంది. మొదటిది ప్రాజెక్టు విడుదల చేసిన టార్‌బాల్ (సోర్సు కోడ్ మూట) నుంచి బిల్డ్ చేసింది, బ్యాక్‌డోర్‌ను లోపలికి ఎక్కించే స్క్రిప్టు ఉన్నది ఆ టార్‌బాల్‌లోనే. రెండోది నేరుగా గిట్ (కోడ్ మార్పుల్ని నమోదు చేసే వ్యవస్థ) సోర్సు నుంచి బిల్డ్ చేసింది, అందులో ఆ స్క్రిప్టు లేదు.

అదే సమయంలో డెబియన్ ఇంకో దారి పట్టింది. కొత్త ప్యాకేజీలు ముందుగా వచ్చే వాళ్ల అన్‌స్టేబుల్ శాఖలో అప్పటికే 5.6.1-1 చేరిపోయింది, దాన్ని తీసేసి పాత 5.4.5కి వెనక్కి వెళ్లాలనుకున్నారు. కానీ డెబియన్ ప్యాకేజీ మేనేజర్ (సాఫ్ట్‌వేర్‌ని ఇన్‌స్టాల్, అప్‌డేట్ చేసే ప్రోగ్రామ్) అయిన యాప్ట్‌కి వెనక్కి వెళ్లడం అనేది అప్‌డేట్ కాదు. 5.6.1 ఉన్న మెషీన్‌కి 5.4.5 చూపిస్తే, నా దగ్గర ఉన్నదే కొత్తది కదా అని అది కదలదు. అసలు ఉన్నదానికంటే చిన్న నంబర్‌తో ప్యాకేజీ పంపితే డెబియన్ ఆర్కైవే తీసుకోదు. అందుకని వాళ్లు పెట్టిన నంబర్ 5.6.1+రియల్లీ5.4.5-1. చూడ్డానికి వికారంగా ఉంటుంది కానీ ఇంత నిజాయితీ గల వెర్షన్ నంబర్ నేను ఇంకోటి చూడలేదు. పైకి 5.6.1 అని చెప్పి మెషీన్‌ను ముందుకు కదిలిస్తుంది, లోపల ఉన్నది నిజానికి 5.4.5 అని మనిషికి చెబుతుంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు ఉదాహరణల్లోనే ఉంది. ప్యాకేజీ నంబర్‌ని మనం లోపల ఏముందో చెప్పే లేబుల్‌గా చదువుతాం, ప్యాకేజీ మేనేజర్ మాత్రం దాన్ని ఏది ముందు ఏది తర్వాత అనే వరుస కోసమే చదువుతుంది, అంతకుమించి దానికి ఏమీ తెలియదు. ఈ రెండు అవసరాల మధ్య లాగులాటలోంచే టిల్డలు (~), ప్లస్‌లు, ఎపోక్‌లు, డెబ్12యూ3 లాంటి తోకలు అన్నీ పుట్టాయి.

ముందు విడదీసి చూద్దాం. 2024 జులై 1న మెషీన్లలోకి దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది, దాని సీవీఈ (లోపాలకు ఇచ్చే గుర్తింపు) నంబర్ సీవీఈ-2024-6387. 8.5పీ1 నుంచి 9.7పీ1 దాకా ఆ లోపం ఉంది, 9.8పీ1లో సరిచేశారు. ఇప్పుడు డిస్ట్రోలు తమ యూజర్లకు పంపిన సరిచేసిన ప్యాకేజీల నంబర్లు చూడండి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9లో 8.7పీ1-38.ఈఎల్9_4.1. డెబియన్ 12లో 1:9.2పీ1-2+డెబ్12యూ3. ఉబుంటు 22.04లో 1:8.9పీ1-3ఉబుంటు0.10. మూడింట్లోనూ 9.8 లేదు, అయినా మూడింట్లోనూ ఆ లోపం సరిచేసే ఉంది.

డెబియన్ నంబర్‌ని ఎడమ నుంచి చదువుదాం. కోలన్‌కి ముందున్న 1 ఎపోక్, దాని సంగతి తర్వాత. 9.2పీ1 అనేది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రాసేవాళ్లు పెట్టిన వెర్షన్, డిస్ట్రో భాషలో అప్‌స్ట్రీమ్ వెర్షన్. హైఫన్ తర్వాత 2 అంటే అదే 9.2పీ1ని డెబియన్ వాళ్లు ప్యాకేజీగా తయారు చేయడం ఇది రెండోసారి. +డెబ్12యూ3 అంటే డెబియన్ 12 స్టేబుల్ అయ్యాక దానికోసం పంపిన మూడో సవరణ. రెడ్‌హ్యాట్, ఫెడోరా వాడే ఆర్‌పీఎం ప్రపంచంలో హైఫన్ తర్వాత భాగాన్ని రిలీజ్ అంటారు, డెబియన్‌లో రివిజన్, ఆర్చ్‌లో పీకేజీరెల్. పేరేదైనా అది చేసే పని ఒకటే. పుస్తకాల్లో కూర్పు వేరు, ముద్రణ వేరు కదా, వెర్షన్ కూర్పు లాంటిది, రిలీజ్ ముద్రణ లాంటిది. అయితే ఇక్కడ ముద్రణ మారితే లోపల కోడ్ కూడా మారి ఉండొచ్చు, ఎందుకంటే ప్యాకేజర్ (ప్యాకేజీ కట్టే మనిషి) ప్యాచ్‌లు (చిన్న కోడ్ సవరణలు) వేస్తాడు.

ఆ చివరి ముక్క దగ్గరే కంపెనీల్లో సగం గొడవలు మొదలవుతాయి. స్టేబుల్ డిస్ట్రో అంటేనే వెర్షన్ మార్చం అని మాట ఇవ్వడం. రెడ్‌హ్యాట్ 9 వచ్చినప్పుడు దాని కెర్నల్ 5.14.0-70. రెండేళ్ల తర్వాత 9.4లో అది 5.14.0-427. ఎడమ సగం కదల్లేదు, కుడి సగంలో వేల కొద్దీ మార్పులు, కొత్త డ్రైవర్లు, సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చి చేరాయి. దీన్నే బ్యాక్‌పోర్ట్ చేయడం అంటారు: కొత్త వెర్షన్‌లో వచ్చిన సవరణను మాత్రం తీసుకుని పాత వెర్షన్‌కి అతికించడం. దానివల్ల మన అప్లికేషన్లు విరగవు, లోపం పోతుంది. కానీ ఆడిట్‌కి వచ్చిన స్కానర్ ఎస్‌ఎస్‌హెచ్ బ్యానర్ (కనెక్ట్ అవగానే సర్వర్ తన వెర్షన్ చెప్పే లైను) చదివి, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.7, ప్రమాదం, 9.8కి మార్చాలి అని ఎర్ర రంగులో రిపోర్ట్ ఇస్తుంది. డెబియన్ కనీసం బ్యానర్‌లో తన రివిజన్ కూడా చూపిస్తుంది, రెడ్‌హ్యాట్ బ్యానర్‌లో 8.7 తప్ప ఇంకేమీ ఉండదు, కాబట్టి బయటి నుంచి చూసేవాడికి సరిచేసినదానికీ సరిచేయనిదానికీ తేడా తెలిసే అవకాశమే లేదు.

హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, ఇంకెక్కడో సర్వర్లు చూసుకునే మనవాళ్లు చాలామందికి ఈ రిపోర్ట్ తెచ్చే టెన్షన్ తెలుసు. మేనేజర్ 9.8 వేసేయ్ అంటాడు. అప్పుడు సోర్సు నుంచి చేత్తో కంపైల్ చేసి పెట్టేయడం చాలా తప్పుడు పని, గట్టిగానే చెబుతున్నాను. ఆ క్షణం నుంచి ఆ సాఫ్ట్‌వేర్‌కి డిస్ట్రో పంపే అప్‌డేట్లు ఏవీ వర్తించవు, తర్వాతి లోపం వచ్చినప్పుడు దాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ కంపైల్ చేయాల్సింది మీరే, ఆ ఉద్యోగం మీరు మానేశాక ఎవరో తెలీదు. చేయాల్సింది వేరు. ఆర్‌పీఎం కమాండ్‌తో ప్యాకేజీ చేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) తెరిచి అందులో ఆ సీవీఈ నంబర్ వెతకండి. డెబియన్‌లో అయితే ప్యాకేజీ డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో డెబియన్ చేంజ్‌లాగ్ ఉంటుంది, పైగా వాళ్ల సెక్యూరిటీ ట్రాకర్ ఏ రివిజన్‌లో సరిచేశారో సూటిగా చెబుతుంది. దాన్ని రిపోర్ట్‌కి జత చేసి పంపండి. ప్యాకేజీ డేటాబేస్‌లోని పూర్తి నంబర్‌ని డిస్ట్రో ప్రకటనతో పోల్చే స్కానర్లు ఉన్నాయి, బ్యానర్ మాత్రమే చదివి తీర్పు చెప్పేవాటిని నమ్మకండి.

ఇప్పుడు పోలిక సంగతి. ఏది పెద్ద నంబర్ అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. దశాంశంలా చూస్తే 1.9 పెద్దది, 1.10 చిన్నది. డిస్ట్రోలు అలా చూడవు. నంబర్‌ని అంకెల ముక్కలు, అక్షరాల ముక్కలుగా విరగ్గొట్టి, ముక్కకు ముక్క పోలుస్తాయి, అంకెల ముక్కని పూర్ణసంఖ్యగా తీసుకుంటాయి. 10 కంటే 9 చిన్నది, కాబట్టి 1.10 పెద్దది. ఇంతవరకూ మనకు నచ్చేదే. అదే పద్ధతిలో ముందున్న సున్నాలకు విలువ లేదు కాబట్టి 1.05, 1.5 రెండూ సమానం. పెర్ల్ మాడ్యూళ్లు రాసేవాళ్లలో చాలామంది దశాంశాల్లోనే ఆలోచిస్తారు, 1.15 తర్వాత 1.2 విడుదల చేస్తారు, వాళ్ల లెక్కలో 1.20 అంటే 1.15 కంటే పెద్దదే. డెబియన్‌కీ ఫెడోరాకీ మాత్రం 15 కంటే 2 చిన్నది, కాబట్టి కొత్త విడుదల వాళ్ల లెక్కలో పాతది. తప్పు ఎవరిదీ కాదు, కానీ దాన్ని సర్దాల్సింది ప్యాకేజరే.

విడుదలకు ముందు వచ్చే బీటాలు, ఆర్‌సీలు (రిలీజ్ క్యాండిడేట్లు) ఇంకో చిక్కు. 1.0ఆర్‌సీ1 అనేది 1.0 కంటే ముందు వస్తుందని మనకు తెలుసు. ఆర్‌పీఎంకి తెలియదు. అది 1, 0 దాకా పోల్చి, ఒకవైపు ఇంకా అక్షరాలు మిగిలాయి కాబట్టి అదే పెద్దది అంటుంది. డెబియన్‌లో యాప్ట్ కింద పనిచేసే డీపీకేజీ కూడా అంతే. ఆర్చ్ వాళ్ల ప్యాక్‌మ్యాన్ మాత్రం తిరగేసి చెబుతుంది, దాని లెక్కలో 1.0ఆర్‌సీ1 చిన్నది. ఆల్పైన్ ఆర్‌సీ, బీటా, ఆల్ఫా, ప్రీ అనే మాటల్నే నియమాల్లో రాసేసుకుంది. ఒక డిస్ట్రోలో నేర్చుకున్న లెక్క ఇంకో డిస్ట్రోలో చెల్లకపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

దీనికి డెబియన్ కనిపెట్టిన విరుగుడు టిల్డ గుర్తు. టిల్డ ఉన్నది దేనికంటే అయినా చిన్నదే, చివరికి ఖాళీకంటే కూడా. 1.0~ఆర్‌సీ1 అని రాస్తే అది 1.0 కంటే కిందకి పోతుంది, అసలు 1.0 రాగానే అందరి మెషీన్లూ దానికి మారతాయి. ఆర్‌పీఎం ఈ టిల్డని 2012లో 4.10తో తీసుకుంది. అంతకుముందు ఫెడోరా వాళ్లు వెర్షన్‌లో 1.0 అని పెట్టి, రిలీజ్‌ని 0.1.ఆర్‌సీ1, 0.2.ఆర్‌సీ2 అని సున్నాతో మొదలుపెట్టి, అసలు విడుదలకి 1 ఇచ్చేవాళ్లు. ఆర్‌పీఎం ప్యాకేజీ ఎలా కట్టాలో రాసే పాత స్పెక్ ఫైళ్లలో ఇప్పటికీ ఆ గుర్తులు కనిపిస్తాయి. తర్వాత 4.15లో, అంటే 2019లో, టిల్డకి జంటగా కేరట్ గుర్తు వచ్చింది. 1.0 తర్వాత, 1.0.1కి ముందు గిట్‌లోంచి మధ్యలో తీసిన కోడ్‌కి ప్యాకేజీ చేయాలంటే 1.0^20240310గిట్ అని రాస్తారు, అది సరిగ్గా ఆ రెండింటి మధ్యే కూర్చుంటుంది. డెబియన్ వాళ్లు అదే పనికి 1.0+గిట్20240310 అంటారు. రెండింట్లోనూ తేదీ ఉంది చూశారా, కమిట్ హ్యాష్‌కి (గిట్‌లో ఒక్కో మార్పుకి ఉండే గుర్తు) వరుస ఉండదు కాబట్టి అది ఎప్పుడూ తేదీ తర్వాతే రావాలి. అసలు వెర్షనే ఇవ్వని ప్రాజెక్టుకి 20240310 అని తేదీనే వెర్షన్‌గా పెట్టేస్తే, రేపు వాళ్లు 1.0 విడుదల చేసినప్పుడు రెండు కోట్లకు పైన ఉన్న అంకె నుంచి ఒకటికి దిగాలి, అది జరగదు. అందుకే ముందే 0~20240310 అని రాసుకోవడం తెలివి.

రాసుకోకపోతే? అప్పుడు ఎపోక్. కోలన్‌కి ముందు వచ్చే ఆ అంకె మిగతా అన్నింటినీ తొక్కేస్తుంది. రాయకపోతే సున్నా అని అర్థం. 1:0.5 అనేది 99.0 కంటే పెద్దది. ఒకసారి పెట్టారంటే ఇక ఎప్పటికీ తీయలేరు, ఎందుకంటే తీస్తే మళ్లీ వెనక్కి వెళ్లినట్టు. ఫెడోరాలో, రెడ్‌హ్యాట్‌లో బైండ్ (డీఎన్‌ఎస్ సర్వర్) ప్యాకేజీ ఎపోక్ 32. డెబియన్‌లో గిట్‌కి ఎపోక్ 1 ఉంది, ఎందుకంటే ఆ పేరు అంతకుముందు జీఎన్‌యూ ఇంటరాక్టివ్ టూల్స్ అనే వేరే ప్యాకేజీది, దాని వెర్షన్ 4తో మొదలయ్యేది, అప్పటి గిట్ ఇంకా 1.7లోనే ఉంది. ఆ పాత ప్యాకేజీ సంగతి ఎవరికీ గుర్తు లేకపోయినా ఆ 1 మాత్రం అలాగే ఉండిపోయింది.

ఎపోక్ చేసే అన్యాయం ఏమిటంటే అది కనిపించదు. ప్యాకేజీ ఫైలు పేరులో ఉండదు, డెబ్ అయినా ఆర్‌పీఎం అయినా. దాని ప్రభావం మాత్రం అందరూ చూసే ఉంటారు, ముఖ్యంగా ఉబుంటు వాడేవాళ్లు. 22.04లో ఫైర్‌ఫాక్స్ డెబ్ ప్యాకేజీ అనేది పేరుకే ఉంది, దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే స్నాప్ (ఉబుంటు వాళ్ల వేరే ప్యాకేజీ పద్ధతి) వస్తుంది. దాని నంబర్ 1:1స్నాప్1-0ఉబుంటు2. 2024 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 122తో మొజిల్లా తనే నేరుగా డెబ్ రిపో (ప్యాకేజీలు దొరికే చోటు) ఇచ్చింది. ఆ రిపో కలుపుకుని అప్‌డేట్ కొట్టినా యాప్ట్ ఉబుంటు దాన్నే ఎంచుకుంటుంది. 122 ఎంత పెద్దదైనా దాని ఎపోక్ సున్నా, అవతలి దాని ఎపోక్ ఒకటి. అందుకే మొజిల్లా ఇచ్చే సూచనల్లో పిన్ ప్రయారిటీ 1000 అని ఒక ఫైలు రాయమంటారు. వెయ్యి, ఆపైన ప్రయారిటీ ఉంటే యాప్ట్ వెనక్కి వెళ్లడానికి కూడా ఒప్పుకుంటుంది. ఆ మూడు లైన్లు ఎందుకో తెలియకుండా కాపీ చేసుకున్నవాళ్లు ఎందరో, కారణం ఈ ఒక్క కోలన్.

డిపెండెన్సీల్లో (ఒక ప్యాకేజీకి ఇంకో ప్యాకేజీ కావాలనే షరతుల్లో) ఎపోక్ ఇంకా ఘోరం. ఒక స్పెక్ ఫైల్‌లో బైండ్ 9.20 లేదా అంతకంటే కొత్తది కావాలి అని ఎపోక్ లేకుండా రాశారనుకోండి. ఆర్‌పీఎం దాన్ని 0:9.20 అని చదువుతుంది. మెషీన్‌లో 32:9.11 ఉన్నా ముప్పై రెండు సున్నా కంటే పెద్దదే కాబట్టి షరతు తీరిపోయింది అంటుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఎక్కడో పడిపోతుంది. డెబియన్‌లో ఎపోక్ పెంచాలనుకుంటే ముందు డెవలపర్లందరితో చర్చించాలి అన్న నియమం ఉంది, నా దృష్టిలో అది చాలా మంచి నియమం. తాత్కాలిక ఇబ్బందికి +రియల్లీ వాడుకోవచ్చు, అప్‌స్ట్రీమ్ ఆ నంబర్‌ని దాటగానే అది దానంతటదే పోతుంది.

ఇక తోకల విషయం. ఒకే సాఫ్ట్‌వేర్ ఒకేసారి అనేక డిస్ట్రో విడుదలల్లో ఉంటుంది, పాతదాంట్లోంచి కొత్తదానికి అప్‌గ్రేడ్ అయినప్పుడు ప్రతి ప్యాకేజీ నంబర్ పెరగాలి, కనీసం తగ్గకూడదు. ఫెడోరా దీనికి రిలీజ్ చివర ఎఫ్‌సీ39, ఎఫ్‌సీ40 అని తగిలిస్తుంది. దాదాపు ప్రతి విడుదలకి ముందు వాళ్లు ప్యాకేజీలన్నిటినీ ఒకసారి మళ్లీ బిల్డ్ చేస్తారు కాబట్టి, మన లోహిత్ తెలుగు ఫాంట్ లాంటివి ఏళ్ల తరబడి వెర్షన్ మారకపోయినా రిలీజ్ అంకె పెరుగుతూనే ఉంటుంది. ఈ మధ్య ఆ అంకెని చేత్తో పెంచడం మానేసి, గిట్ కమిట్లను లెక్కపెట్టి తనే వేసుకునే ఆటోరిలీజ్ అనే మాక్రో వాడుతున్నారు.

డెబియన్ ఒకప్పుడు స్టేబుల్ సవరణలకు కోడ్‌నేమ్ తగిలించేది. చిక్కేమిటంటే సార్జ్ తర్వాత వచ్చింది ఎచ్, వీజీ తర్వాత వచ్చింది జెస్సీ. ఇంగ్లిష్ అక్షరక్రమంలో రెండుసార్లూ వెనక్కే. డెబ్12యూ3 లాంటి అంకెల తోక వచ్చాక ఆ బాధ లేదు. ఉబుంటు పేర్లు అక్షరక్రమంలోనే వస్తాయి కదా అనుకుంటే, 2017లో ఇంగ్లిష్ జెడ్‌తో మొదలయ్యే జెస్టీ తర్వాత అక్షరాలు అయిపోయి ఆర్ట్‌ఫుల్‌తో మళ్లీ మొదటికి వచ్చాయి, అందుకే తోకలో 22.04 లాంటి అంకెలు పెట్టుకున్నవాళ్లకే భద్రం. ఉబుంటులో 0ఉబుంటు1 అంటే ఆ వెర్షన్ డెబియన్‌లో ఇంకా లేదు, మేమే ముందు చేశాం అని. రేపు డెబియన్ -1 తెస్తే సున్నా మీద ఒకటి గెలుస్తుంది.

ఆఫీసులో సొంత ప్యాకేజీలు చేసేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగి చదవండి. డెబియన్ 12లోని ఒక ప్యాకేజీ నంబర్ 3.1-2 అనుకుందాం. మీరు ఒక ప్యాచ్ వేసి 3.1-2+లోకల్1 అని మీ రిపోలో పెట్టారు. 3.1-3 కంటే చిన్నది, 3.1-2 కంటే పెద్దది, బాగానే ఉందనిపిస్తుంది. రెండు నెలల తర్వాత డెబియన్ సెక్యూరిటీ టీమ్ 3.1-2+డెబ్12యూ1 పంపింది. ఇంగ్లిష్ అక్షరక్రమంలో డి ముందు, ఎల్ తర్వాత. అంటే మీ ప్యాకేజీయే కొత్తది, ఆ సెక్యూరిటీ సవరణ మీ సర్వర్ల మీదకి ఎప్పటికీ రాదు, ఎక్కడా హెచ్చరిక కూడా ఉండదు. తోకని ఏ తోనో బీ తోనో మొదలుపెట్టి ఉంటే సవరణ వచ్చి మీ ప్యాకేజీ మీద కూర్చునేది, కానీ అప్పుడు మీ ప్యాచ్ పోతుంది. రెండింట్లో ఏది కావాలో ముందే తేల్చుకుని ఆ ప్రకారం అక్షరం ఎంచుకోవాలి. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న సర్వర్ అయితే నేను ప్యాచ్ పోయినా ఫర్వాలేదు, సవరణే రావాలి అంటాను. ఏ తోక పెట్టినా ముందు డీపీకేజీలోని కంపేర్-వెర్షన్స్ ఆప్షన్‌తో పోల్చి చూసుకోండి, ఫెడోరాలో ఆర్‌పీఎండెవ్-వెర్‌సీఎంపీ, ఆర్చ్‌లో వెర్‌సీఎంపీ అదే పని చేస్తాయి. ఊహించి పెట్టొద్దు.

డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ రిపోలో (ఇక్కడ సవరణ ఒక్కటే కాదు, కొత్త వెర్షన్ మొత్తాన్నే పాత డెబియన్‌కి తెస్తారు) ఉన్న ప్యాకేజీలకు ~బీపీఓ12+1 అన్న తోక ఉంటుంది, టిల్డతో. కొత్త డెబియన్‌లోని 2.0-1ని డెబియన్ 12 కోసం మళ్లీ బిల్డ్ చేస్తే అది 2.0-1~బీపీఓ12+1 అవుతుంది, 2.0-1 కంటే ఒక్క మెట్టు కింద. యూజర్ ఎప్పుడో కొత్త డెబియన్‌కి అప్‌గ్రేడ్ అయినప్పుడు అసలు 2.0-1 దాని స్థానంలోకి రావాలని అలా పెట్టారు. కానీ మీ ప్యాకేజీ ఇంకోదాని మీద ఆధారపడి, 2.0-1 లేదా అంతకంటే కొత్తది కావాలి అని రాస్తే, ఈ బ్యాక్‌పోర్ట్ ఆ షరతుకి వెంట్రుకవాసిలో తప్పిపోతుంది, లోపల కోడ్ అదే అయినా సరే. అందుకే డిపెండెన్సీలు రాసే డెబియన్ కంట్రోల్ ఫైళ్లలో 2.0-1~ అని చివర ఒంటరిగా ఒక టిల్డ కనిపిస్తుంది. టైపింగ్ తప్పు అనుకుని దాన్ని చెరిపేయకండి.